కడుపు పోయిందా, తీయించుకుందా

మా దేవరకొండ దిక్కు ఆడవాళ్ళ మాటల్లో ఒక కిటుకు ఉంది. ‘కడుపు పోయింది’ అంటే దానంతట అదే పోయింది. ‘తీయించుకుంది’ అంటే ఆమె కావాలని వెళ్ళి తీయించుకుంది. నాకు నలభై దాటాయి. ఏ ఆడమనిషీ తన గురించి తాను ‘తీయించుకున్నా’ అని చెప్పగా ఇంతవరకు వినలేదు. తన సంగతైతే ఎప్పుడూ పోయిందే. పక్కింటామె సంగతైతే ఎప్పుడూ తీయించుకున్నదే. మా అమ్మకు నాకూ మా తమ్ముడికీ మధ్య ఒకటి ‘పోయింది’. ఎట్లా పోయిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాకు కూడా 2014లో ఒకటి పోయింది. పదేళ్ళుగా అట్లనే చెప్పుకుంటున్నా. నిజానికి తీయించుకున్నాను.

అప్పటికి చిన్నదానికి పదకొండు నెలలు, ఇంకా పాలు మరవలేదు. ఆయన పుణెలో ఒక సైటు మీద సూపర్‌వైజర్, నెలకోసారి వచ్చిపోయేవాడు. నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేదాన్ని, కాంట్రాక్టు ఉద్యోగం, జీతం ఎప్పుడొస్తే అప్పుడు. నెల తప్పిందని తెలిసిన రాత్రి ఫోన్లో మాట్లాడుకున్నాం. ఐదు నిమిషాల్లో తేలిపోయింది, వద్దు. ఆయన ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఈ వ్యాసాన్ని మొగుళ్ళ మీద తిట్టుపురాణం అనుకుని చదువుతారు కొందరు.

ఎనిమిదో వారం. ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే అడిగింది.

“సార్ రాలేదా?”

“పుణెల ఉన్నడు.”

“మరి సంతకం ఎవలు పెడ్తరు?”

“నేనే పెడ్తా.”

అప్పుడు తలెత్తింది. “అట్ల నడ్వదు మేడం. సారన్నా రావాలె, లేకుంటె మీ అత్తమ్మోళ్ళల్ల ఎవరన్నా.”

ఆ పొద్దున్నే క్లాసులో 21వ అధికరణం చెప్పి వచ్చాను. జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ, బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను. కౌంటర్ ముందు అది గుర్తుకు రాలేదు. మా తమ్ముడు గుర్తొచ్చాడు. బండి వేసుకుని అరగంటలో వచ్చాడు. ఎందుకని అడగలేదు, కాగితం తిప్పి చదవలేదు, చూపించిన చోట గీకి పెట్టాడు. వాణ్ని చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. నా ఒంటికి జరిగేదానికి వాడు ఒప్పుకున్నట్టు రాత. ఆ తర్వాత కొన్ని నెలలపాటు వాడు నా మొహం చూసి మాట్లాడలేదు. కోపం కాదు, సిగ్గు. తమ్ముడికి తెలియక్కర్లేని సంగతి వాడి నెత్తిన పెట్టాను.

ఆ కౌంటర్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. చుట్టూ ఖాకీ అట్ట, మధ్యలో దారం కట్టిన పెన్ను. వరుస సంఖ్య, పేరు, వయసు, ఊరు, భర్త పేరు, చివరి గడిలో ఎర్ర ఇంకుతో ‘ఎం.టి.పి.’, అంటే గర్భం తీయించుకోవడం. తెరిచిన పుస్తకం తెరిచినట్టే ఉంది. మందుల చీటీ కోసం వచ్చినవాళ్ళు, టీ పట్టుకొచ్చిన పిల్లాడు, ఎవరైనా చూడొచ్చు. నా పేరు రాయించుకుంటూ నేనూ చూశాను. నా పైన నాలుగు పేర్లు. రెండోది తెలిసిన పేరు. మా పెద్దదానితో చదివే ఒక పిల్లాడి తల్లి. భర్త పేరు గడిలో ముందు ‘లేట్’ అని ఉంది.

ఆ సంగతి మా అమ్మకు చెప్పాను. “ఎవ్వరికి చెప్పకు” అనే చెప్పాను. మా అమ్మ కూడా ఇంకొకరితో అట్లనే అని ఉంటుంది. ఏడాది తిరగకుండా ఆ పిల్లాడి టి.సి. తీసుకున్నారు. ఆమె పుట్టింటికి పోయిందన్నారు, అత్తగారే పంపించేసిందన్నారు. అది నా నోటి వల్లే జరిగిందనడానికి రుజువు లేదు. కాదనడానికీ లేదు. నా రహస్యం ఆ పుస్తకంలో ఎంతమంది చదివారోనని ఏడ్చినదాన్ని, ఇంకొకామె రహస్యాన్ని ఊళ్ళోకి మోసుకెళ్ళింది నేనే.

చాలా రోజుల తర్వాత చట్టం తీసి చదివాను. చదివితే నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల మీద 1971లో వచ్చిన చట్టం అది, వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అంటే నేను పుట్టకముందు నుంచి. గర్భిణి సమ్మతి లేకుండా గర్భం తీయకూడదు అంటుంది 3వ సెక్షన్. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకూ, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకూ మాత్రం సంరక్షకుల ఒప్పుకోలు కావాలి. అంతే. సమ్మతి దగ్గర మొగుడి ఊసే లేదు. అత్త ఊసు అసలే లేదు. ఒకాయన తనను అడగకుండా భార్య గర్భం తీయించుకుందని ఆమె మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారం దావా వేస్తే, పంజాబ్-హర్యానా హైకోర్టు చెల్లదంది. 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టూ ఆయన మాట వినలేదు. మరి మా కౌంటర్లో అడిగిన సంతకం ఏ చట్టంలోది?

ఆ నోట్‌బుక్ సంగతి ఇంకా వింత. 2003 నిబంధనల ప్రకారం ఆమె ఒప్పుకోలు పత్రం, డాక్టర్ అభిప్రాయం రెండూ ఒక కవరులో పెట్టి అంటించాలి. కవరు మీద ఆమె పేరు ఉండకూడదు, వరుస సంఖ్య వేసి ‘రహస్యం’ అని రాయాలి. పేరుండేది ఒక్క అడ్మిషన్ రిజిస్టర్లోనే, అదీ రహస్య పత్రమే, ఎవరికీ చూపించకూడదు. 2021 సవరణలో దీనికి శిక్ష కూడా చేర్చారు. చట్టం అధికారమిచ్చినవాళ్ళకు తప్ప ఆమె పేరూ వివరాలూ ఇంకెవరికి చెప్పినా డాక్టర్‌కు ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఢిల్లీలో కవరుకు జిగురు అంటించమన్నారు. ఇక్కడ పుస్తకానికి పెన్ను కట్టి పెట్టారు.

చట్టాన్ని మరీ పొగడను. హక్కు అంటున్నాం గానీ అది హక్కు రూపంలో లేదు, నేరానికి మినహాయింపు రూపంలో ఉంది. పాత శిక్షాస్మృతిలో 312వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో 88వ సెక్షన్, రెండూ గర్భస్రావం చేయించడం నేరమే అంటాయి. ఆడమనిషి తనకు తాను చేసుకున్నా నేరమే. డాక్టర్ సదుద్దేశంతో ‘సరే’ అంటేనే ఆ నేరం పక్కకు జరుగుతుంది. ఇరవై వారాల దాకా ఒక డాక్టర్, ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా కొన్ని రకాల కేసులకు ఇద్దరు డాక్టర్లు, ఆపైన పిండంలో తీవ్రమైన లోపముంటే మెడికల్ బోర్డు. ‘నాకొద్దు’ అన్న ఒక్క మాట ఎక్కడా చాలదు. 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఇరవై ఆరో వారంలో సుప్రీంకోర్టుకు పోతే కాదన్నారు. ఆమె పేరు బయటికి రాలేదు గానీ, ఆమె మనోవ్యాధి, ఆమె మందుల చీటీ దేశమంతా చర్చించింది.

ఇంకో తమాషా. చట్టం నిండా ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అని ఉంటుంది. ఇంగ్లిష్‌లో పొడి అక్షరాలుగా రాస్తే ఆర్.ఎం.పి. గర్భం తీయడానికి చట్టం అనుమతించింది ఆ ఆర్.ఎం.పి.నే, ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ పనిలో శిక్షణో అనుభవమో ఉన్న మనిషిని. మా పల్లెల్లో ఆర్.ఎం.పి. అంటే ఎవరో మీకు తెలుసు. సూదీ, గ్లూకోజూ, అరువు ఖాతా, రాత్రి పన్నెండింటికి పిలిచినా వచ్చే మోటారు సైకిలూ. చదువు మాత్రం ఒక డాక్టర్ దగ్గర కాంపౌండర్‌గా చేసినంత. ఊళ్ళో ఎవరిని అడిగినా ‘ఆర్.ఎం.పి. దగ్గర గోలీలు తీసుకున్నది’ అంటారు. అక్షరాలు అవే మరి.

2022లో అమెరికా సంగతి మన పేపర్లలో మారుమోగింది. 1973 జనవరిలో రో కేసులో అక్కడి సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును నిలబెట్టింది ప్రైవసీ అనే స్తంభం మీదే. 2022 జూన్ 24న దాన్ని కూలగొట్టారు. మూడు నెలలకు, సెప్టెంబర్ 29న, మన సుప్రీంకోర్టు పెళ్ళికాని ఆడవాళ్ళకు కూడా ఇరవై నాలుగు వారాల దాకా అవకాశం ఉందని, ఈ చట్టం వరకు భర్త బలాత్కారం కూడా బలాత్కారమేనని చెప్పింది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24నే చెప్పి ఉన్నారు. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా ‘మనమే నయం’ పోస్టులు. తీర్పుల్లో నయమే, కాదనను. టెక్సస్‌లో 2021లో ఒక చట్టం చేశారు. అబార్షన్‌కు సాయపడినవాళ్ళ మీద ఎవరైనా దావా వేయొచ్చు, గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. చదివి అనుకున్నాను, మా వాడకట్టులో ఈ పని పైసా తీసుకోకుండా చేస్తారు.

మా వాడకట్టు కంటే పల్లె ఇంకా ఇరుకు. మా అత్తగారిది కల్వకుర్తి దిక్కు. అక్కడ నెల తప్పిందో లేదో చూసే కిట్ ఆశ కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. మంచి పథకం. కానీ ఆశ అంటే ఎక్కడినుంచో ఊడిపడదు, ఆ ఊరి కోడలే అయి ఉంటుంది. అంటే ఆమె మీకు వదినో, తోడికోడలో, మీ అత్తతో చిట్టీ కట్టే మనిషో అవుతుంది. ఆమె చేతిలో రెండు గీతలు కనిపించాయంటే పేరు ఎక్కుతుంది, ఆధార్, ఫోన్ నంబరు ఎక్కుతాయి, ఏ.ఎన్.ఎం. మేడం వస్తుంది, టీకాల కార్డు వస్తుంది. తల్లీబిడ్డ కోసం పెట్టిన లెక్క అది, ప్రాణాలు నిలబెట్టిన లెక్క. ఆ లెక్కలో ఎక్కిన కడుపు మధ్యలో కనపడకుండా పోతే మాత్రం గడప గడపకూ సమాధానం చెప్పుకోవాలి. అందుకే వద్దనుకున్న ఆమె అసలు లెక్కలోకే రాదు. సొంతంగా ఒక దారి వెతుక్కుంటుంది.

ఆ దారి మెడికల్ షాపుకు పోతుంది. పేపర్లో చుట్టి ఇచ్చే అట్ట, ఒక పెద్ద గోలీ, నాలుగు చిన్న గోలీలు, అట్ట మీది ధరకు రెట్టింపు. చీటీ అడగరు, ఎన్ని వారాలో అడగరు. 2015లో దేశంలో 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని, అందులో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతోనే అని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఆ గోలీలు చెడ్డవి కావు. తొమ్మిది వారాల లోపు, డాక్టర్ చూసి ఇస్తే మంచి మందు. గర్భం ట్యూబులో ఉందేమో చూసేదెవరు, సగమే పోయి సగం మిగిలితే చెప్పేదెవరు అన్నదే భయం. తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తమే లేని ఒంట్లోంచి పది రోజులు రక్తం పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా.

రెండో దారి హైదరాబాద్ బస్సు. మా దేవరకొండ నుంచైతే కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం దాటితే ఎవరికెవరో. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశాక దీనికి ఒక మేలు జరిగింది, ప్రభుత్వం అనుకుని చేసింది కాదు. ఇంతకుముందు చార్జీ పైసలకు ఎవరినో ఒకరిని అడగాలి, అడిగితే ఎందుకో చెప్పాలి. ఇప్పుడు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఎక్కడికి అని కండక్టర్ అడుగుతాడు, ఎందుకని అడగడు.

ఇదంతా చెప్తే మా స్టాఫ్ రూంలో ఒక పెద్దాయన ఎప్పుడూ ఒకే ప్రశ్న వేస్తారు. “అమ్మా, ఇంత రహస్యం ఇస్తే ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకోరా?” తేలిక ప్రశ్న కాదు, నాకైతే అసలే కాదు. 1990ల చివర్లో దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడపిల్లల్ని అమ్ముకుంటున్నారని పేపర్ల నిండా రాశారు. నేనప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. మాది దేవరకొండ అంటే “మీ దగ్గర పిల్లల్ని అమ్ముతరంట గదా” అని అడిగేవాళ్ళు. ఆడపిల్ల వద్దనే మాట ఎంత దూరం పోతుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మా చుట్టాల్లోనే ఇద్దరు ఆడపిల్లల తల్లిని మూడోసారి ఎవరికీ తెలియకుండా వేరే జిల్లాకు స్కానింగుకు తీసుకెళ్ళారు. ఆ రహస్యం ఆమెది కాదు, అత్తదీ మొగుడిదీ. తిరిగొచ్చాక ఆమె ‘పోయింది’ అనే చెప్పింది. అక్కడ ఆ మాట ఆమెను కాపాడిందా, వాళ్ళను కాపాడిందా? వాళ్ళనే. ఒప్పుకుంటాను.

దానికి 1994 నుంచీ వేరే చట్టముంది. అది తప్పు పట్టేది లింగం చూసి చెప్పినవాడినీ, చెప్పించుకున్నవాళ్ళనూ. రుజువయ్యేదాకా ఆ ఆడమనిషిని మొగుడో చుట్టాలో బలవంతపెట్టారనే కోర్టు అనుకోవాలని కూడా అందులో 24వ సెక్షన్ చెప్తుంది. అంటే చట్టం రాసినవాళ్ళకు మన ఇళ్ళ సంగతి తెలుసు. పట్టుకోవాల్సింది స్కానింగు గదిలో ఉన్నాడు. మనం మాత్రం అబార్షన్ వార్డు బయట నిలబడి, వచ్చిన ప్రతి ఆడదాని మొహమూ చూస్తాం. ఏడో వారంలో వచ్చిన ఆమెను కూడా అనుమానిస్తాం, అప్పటికి ఆడో మగో ఏ స్కానింగులోనూ కనపడకపోయినా. పైగా ఆ రోజు నా దగ్గర సంతకం అడిగింది ఎవరిది? మొగుడిది, లేకపోతే అత్తగారిది. ఆడపిల్ల వద్దని బలవంతపెట్టే ఇంట్లో ఆ రెండు సంతకాలూ అడగకుండానే దొరుకుతాయి. ఆమె నిజంగా తనకోసం వచ్చిన రోజునే దొరకవు.

ప్రతి స్కానింగు సెంటర్లోనూ ‘ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అని బోర్డు ఉంటుంది. ఉండాల్సిందే. దాని పక్కన ‘గర్భం తీయడానికి సమ్మతిగా పద్దెనిమిది నిండిన ఆమె సంతకం ఒక్కటి చాలు, ఆమె పేరు ఎవరికీ చెప్పం’ అని ఇంకో బోర్డు ఎందుకుండదు? రేకు ముక్క, రంగు, రెండు లైన్లు. చట్టంలో ఉన్న మాటే కదా, కొత్తగా అడిగేదేమీ లేదు.

పదిహేడేళ్ళ పిల్లల సంగతి ఇంకా చిక్కు. పాలమూరు దిక్కు చిన్న వయసు పెళ్ళిళ్ళు ఇప్పటికీ ఆగలేదు. పద్దెనిమిది నిండని పిల్ల కడుపుతో వస్తే, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం డాక్టర్ పోలీసులకు చెప్పి తీరాలి కాబట్టి, మొగుణ్ణి జైలుకు పంపుతారనే భయంతో ఆ పిల్లను గడప దాటనివ్వరు. ఆ పిల్లా, సంరక్షకులూ కోరితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరును డాక్టర్ రాయనక్కర్లేదని 2022 సెప్టెంబర్ తీర్పులోనే ఉంది. ఆ తీర్పు కల్వకుర్తి బస్సు ఇంకా ఎక్కినట్టు లేదు.

పోయిన సంక్రాంతి సెలవులకు అత్తగారింటికి పోయినప్పుడు, మా పత్తి ఏరడానికి వచ్చే తండా ఆమె పెరట్లోకి వచ్చి కూర్చుంది. ముగ్గురు పిల్లలు. మొగుడు ముంబైలో కూలి, దసరాకు వచ్చి పోయాడు. మొహం గోడకు కొట్టిన సున్నంలా ఉంది. “టీచరక్కా, పన్నెండు దినాలాయె, ఆగుతలేదు” అంది. ఆర్.ఎం.పి. గోలీలు ఇచ్చాడు, మూడు నెలలు నిండాక. ఆశ దగ్గరికి ఎందుకు పోలేదంటే, ఊళ్ళో ఆశ ఆమె తోడికోడలే. “మా అత్త వాడు వొచ్చిపోయిన దినాలు లెక్కవెడ్తది అక్కా” అంది. ఆ లెక్కలో తేడా లేదు. తేడా ఉందంటారేమోనన్న భయమే ఆమెను పన్నెండు రోజులు చేనులో వంచి పత్తి ఏరించింది.

ఆసుపత్రిలో సిస్టర్ మొదట అడిగింది అదే. “వీళ్ళాయన ఏడి?” ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. ఫోన్లో 3వ సెక్షన్ తెరిచి చూపించాను. పదేళ్ళు ఆలస్యంగా నా కౌంటర్‌కు నేను జవాబు చెప్పుకున్నట్టు అనిపించింది, కొంచెం గర్వం కూడా. సిస్టర్ చదివి ఫోను నాకిచ్చింది.

“మాకు తెల్వక కాదు మేడం. ఒకామె మొగుడు ఎనిమిది మందిని తోల్కొచ్చి అద్దాలన్ని పలగ్గొట్టిండు. సంతకం చట్టం కోసం కాదు, అద్దాల కోసం.”

దానికి నా దగ్గర సెక్షన్ లేదు. ఆమె కాసేపు ఆగి కాగితం తిప్పింది. “ఆమెనే పెట్టమను.” పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకం అది. ఒక్కో అక్షరం నిలబెట్టి, తలకట్లు మర్చిపోకుండా, రెండు నిమిషాలు పట్టింది. హిమోగ్లోబిన్ ఆరు. లోపల మిగిలింది తీసి, రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించి మూడో రోజు పంపించారు. డిశ్చార్జి చీటీలో వ్యాధి పేరు దగ్గర సిస్టర్ ‘తీవ్ర రక్తహీనత’ అని రాసింది. “అవద్దమేం కాదు గద” అంది నా వైపు చూసి. ఆమెతో, “ఎవలన్నా అడిగితే రక్తం తక్కువుండె, ఎక్కిచ్చిన్రు అను. అంతే” అంది.

బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుంది. స్టేజీ దగ్గర తోడికోడలు నిలబడి ఉంది, ఆశ వాళ్ళు కట్టుకునే చీరలోనే. చెయ్యి చాపింది. చీటీ మొత్తం చదివింది, వెనక వైపు తిప్పి కూడా చూసింది. మడిచి తన సంచిలో పెట్టుకుంది.

“రక్తం తక్కువుండెనంట” అంది ఈమె.

“ఐరన్ గోలీలు ఇస్త తియ్యి” అని చేతిలోని మూట అందుకుని ముందు నడిచింది. ఇంకేమీ అడగలేదు.